రావుల కుప్ప విప్పుతూ: ఒక గ్రంథాలయం పేర్ల ఫైలు డైరీ

జూన్, మొదటి వారం

మా పట్నంలో పాత గ్రంథాలయం కేటలాగును బాగుచేసే పని ఈ వారం మొదలైంది. పుస్తకాలు భద్రంగానే ఉన్నాయి. బీరువాలకు కొత్త అద్దాలు పడ్డాయి, కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కూడా నడుస్తోంది. చెడిపోయినవి పేర్లు.

కొన్నేళ్ల కిందట కార్డు కేటలాగును కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఒక ఏజెన్సీకి ఇచ్చారు. వాళ్లు రచయిత పేరులో చివరి మాటను ఇంటిపేరు అనుకుని, దాన్ని ముందుకు తెచ్చి కామా పెట్టుకుంటూ పోయారు. ఇంగ్లిషు పుస్తకాలకు అది సరిపోయింది. తెలుగు పుస్తకాల దగ్గర శ్రీరంగం శ్రీనివాసరావు కాస్తా "రావు, శ్రీరంగం శ్రీనివాస" అయ్యారు. కొడవటిగంటి కుటుంబరావు "రావు, కొడవటిగంటి కుటుంబ" అయ్యారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి, దేవులపల్లి కృష్ణశాస్త్రి, మల్లాది రామకృష్ణశాస్త్రి ముగ్గురూ "శాస్త్రి" కింద చేరారు. సురవరం ప్రతాపరెడ్డి "రెడ్డి" కింద ఉన్నారు. రచయితల జాబితాలో "ర" దగ్గరికి వెళ్తే ఎంతసేపు కిందికి జరిపినా రావులే.

అన్నీ ఒకే తీరుగా చెడినా ఒక రకంగా నయమే, తిప్పి రాసుకోవచ్చు. అలా లేవు. కొన్ని పేర్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, కొన్ని పొడి అక్షరాలతో, కొన్ని కలం పేరుతో. ఒకే మనిషి అయిదారు చోట్ల దొరుకుతున్నారు. మొన్న ఒక డిగ్రీ కుర్రాడు శ్రీశ్రీ వ్యాసాలు కావాలని వచ్చాడు. కౌంటర్లో ఉన్న అమ్మాయి "శ్రీశ్రీ" అని కొడితే కవిత్వం వచ్చింది, వ్యాసాలు రాలేదు. లేవని చెప్పి పంపింది. అవి అదే గదిలో ఉన్నాయి, "రావు" పేరు కింద.

చార్లెస్ అమ్మి కట్టర్ 1876లో కేటలాగు నియమాలు రాసినప్పుడే ఈ సంగతి తేల్చేశారు. ఫలానా పుస్తకం ఉందో లేదో చెప్పడంతో కేటలాగు పని తీరదు, ఫలానా రచయితవి ఇక్కడ ఏమేం ఉన్నాయో కూడా చూపించాలి. ఆ రెండో పని చేయాలంటే ఒక మనిషి రాసినవన్నీ ఒక పేరు కిందికి రావాలి.

దానికి ఉన్న సాధనమే అథారిటీ ఫైలు. ప్రతి రచయితకూ ఒక రికార్డు ఉంటుంది. కేటలాగు రికార్డులు రాయడానికి వాడే మార్క్ 21 పద్ధతిలో (ఇందులో ప్రతి వివరానికీ ఒక నంబరున్న గడి, అంటే ఫీల్డు, ఉంటుంది) అయితే మనం ఖాయం చేసుకున్న పేరు 100 ఫీల్డులో, ఆ మనిషికి ఉన్న మిగతా పేర్లు, రూపాలు 400 ఫీల్డుల్లో, వాటిని ఎక్కడ చూశామో ఆ ఆధారం 670లో రాస్తాం. పుస్తకం రికార్డులో పేరును మళ్లీ టైపు చెయ్యం, ఈ రికార్డుకు ముడివేస్తాం. మా కోహాలో అథారిటీ రికార్డులు లేకపోలేదు, వేలకొద్దీ ఉన్నాయి. కేటలాగులో ఏ కొత్త స్పెల్లింగు టైపు చేసినా దానికి సొంతంగా ఒక రికార్డు పుట్టించే సెట్టింగు ఇన్నేళ్లూ ఆన్‌లో ఉంది. ప్రతి అచ్చుతప్పుకూ ఒక ప్రామాణిక రికార్డు ఉందన్నమాట. ముందు దాన్ని ఆపేశాను.

జూన్, మూడో వారం

పేర్లన్నీ ఎక్స్‌పోర్ట్ చేసి డేటాను శుభ్రం చేసే ఓపెన్‌రిఫైన్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. స్పెల్లింగుల జోలికి వెళ్లకముందే ఒక వింత ఎదురైంది. "చలం", "చల౦" రెండూ వేరువేరు వరుసల్లో ఉన్నాయి. కంటికి దాదాపు ఒకటే. మొదటిదాంట్లో ఉన్నది పూర్ణానుస్వారం. రెండోదాంట్లో టైపు చేసినవారు సున్న కోసం తెలుగు అంకె సున్నాను నొక్కారు. కంప్యూటర్‌కు అవి రెండు వేరే అక్షరాలు, అందుకని ఇద్దరు వేరే మనుషులు. సున్న ఉన్న ప్రతి పేరునూ ఇలా అనుమానించాల్సి వచ్చింది. శ్రీరంగం, గురజాడ వేంకట అప్పారావు, నండూరి, సింగిరెడ్డి, అన్నీ. విసర్గ బదులు కోలన్ పెట్టినవి కూడా కొన్ని తేలాయి.

తర్వాత కనపడని అక్షరాలు. ఖదీర్‌బాబు లాంటి పేర్లలో పొల్లు విడిగా నిలవాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండాలి. పాత డీటీపీ ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చినప్పుడు అది అక్కర్లేని చోట్ల కూడా వచ్చి చేరింది. ఐత్వానిది ఇంకో తీరు. యూనికోడ్‌లో అది ఒకే గుర్తుగానూ ఉండొచ్చు, ఎత్వం, ఐత్వపు తోక కలిసి రెండు గుర్తులుగానూ ఉండొచ్చు. ఎన్‌ఎఫ్‌సి అనే యూనికోడ్ పద్ధతిలో నార్మలైజ్ చేస్తే (ఒకే రూపానికి తెస్తే) ఒకటైపోతాయి. ఈ మూడు శుభ్రాలూ చేశాకే పేర్లను పోల్చడం మొదలుపెట్టాను. తెలుగు డేటాతో పనిచేసేవాళ్లకు నా మాట ఒక్కటే. స్పెల్లింగు తేడాలు వెతకడానికి ముందు ఇవి చెయ్యండి. లేకపోతే లేని తేడాల వెంట రోజులు పోతాయి.

ఆ తర్వాత రావుల పని. కామాకు ముందు రావు, శాస్త్రి, రెడ్డి, శర్మ, చౌదరి, మూర్తి, నాయుడు లాంటి మాట ఒక్కటే ఉంటే దాన్ని తీసి పేరు చివర అతికించమని చిన్న సూత్రం రాశాను. కుప్ప చాలావరకు విడిపోయింది. అయితే "మూర్తి" ఒక్కటే పేరుగా ఉన్నవాళ్లూ, నిజంగానే రావు అనే ఇంటిపేరు ఉన్నవాళ్లూ ఉంటారు కాబట్టి, సూత్రం మార్చిన ప్రతి పేరునూ పుస్తకం టైటిల్ పేజీతో సరిచూస్తున్నాం. ఇంగ్లిషు పుస్తకాల్లో కన్నడ, మరాఠీ రచయితలు కూడా ఉన్నారు. వాళ్లకు ఇంటిపేరు చివర రావడం మామూలే.

ఓపెన్‌రిఫైన్‌లో ఫింగర్‌ప్రింట్ అని ఒక పద్ధతి ఉంది. పేరులోని మాటలను విడదీసి, విరామ చిహ్నాలు తీసేసి, అక్షర క్రమంలో పేర్చి పోలుస్తుంది. మాటల వరుస మారినా పట్టేస్తుంది. అందుకే "శ్రీనివాసరావు, శ్రీరంగం", "శ్రీరంగం శ్రీనివాసరావు" వెంటనే ఒక గుంపులో పడ్డాయి. "శ్రీనివాస రావు" అని విడగొట్టి రాసింది మాత్రం బయటే మిగిలింది. దానికి అక్షరాల దూరం కొలిచే పద్ధతి వాడాను. వెంకట, వేంకట, చెళ్లపిళ్ల, చెళ్ళపిళ్ళ, ఎర్రన, ఎఱ్ఱన ఇవన్నీ దానికి చిక్కాయి. కానీ ఈ పద్ధతిని నమ్మి "అన్నీ కలుపు" నొక్కితే కొంప మునుగుతుంది. ఇంటిపేర్లలో ఒక్క అక్షరం తేడాతో ఇద్దరు వేంకటేశ్వరరావులు ఉండొచ్చు. యంత్రం చూపించిన ప్రతి గుంపునూ మనిషి చూసి తీరాలి.

జూలై, మొదటి వారం

ఇవాళ మాస్టారు వచ్చారు. ఈ గ్రంథాలయంలోనే లైబ్రేరియన్‌గా రిటైరైన మనిషి. స్క్రీన్ మీద జాబితా చూపిస్తే చాలాసేపు చూసి, "చూడు కార్డులు ఎక్కించలేదా అమ్మా?" అన్నారు.

"ఎక్కించలేదండీ. వాటి మీద అక్సెషన్ నంబరు లేదని వదిలేశారట."

"నంబరెందుకుంటుందమ్మా, అవి పుస్తకాలవి కావుగా. మాకు పుస్తకం కార్డు రాయడానికి పది నిమిషాలు పడితే, చూడు కార్డు రాయడానికి పూటంతా పట్టేది. ఆ పేరు ఎవరిదో తేల్చుకోవాలి కదా."

స్టోర్‌రూములో పాత సొరుగులు ఇంకా ఉన్నాయి. తీసి చూస్తే ప్రతి అక్షరం కిందా చూడు కార్డులు ఉన్నాయి. "బుచ్చిబాబు. చూడు: శివరాజు వెంకట సుబ్బారావు." "ఆరుద్ర. చూడు: భాగవతుల సదాశివ శంకరశాస్త్రి." నల్ల ఇంకు చేతిరాతలో, కొన్నిటికి వెనకవైపు ఆధారం కూడా రాసి ఉంది. ఒక తరం లైబ్రేరియన్లు కట్టిన అథారిటీ ఫైలు అది. కంప్యూటరీకరణ పేరుతో దాన్ని పక్కన పడేశారు. నాకు చాలా బాధగా అనిపించింది. ఇప్పుడు ఆ సొరుగులే మా 400 ఫీల్డులకు మొదటి ఆధారం. 670లో "పాత కార్డు కేటలాగు" అని రాస్తున్నాం.

జూలై, రెండో వారం

నియమాలు రాసుకున్నాం. ఎక్కువ వాదన కామా మీదే జరిగింది.

తెలుగులో ఇంటిపేరు ముందే వస్తుంది. కొడవటిగంటి కుటుంబరావు అన్నప్పుడు వరుస ఏమీ మార్చక్కర్లేదు. అలాంటప్పుడు కామా ఎందుకని మాతో పనిచేస్తున్న అమ్మాయి అడిగింది. ప్రశ్న న్యాయమైనదే. కానీ సత్యం శంకరమంచి పుస్తకం చేతికొచ్చాక సమాధానం దొరికింది. ఆయన ఇంటిపేరు శంకరమంచి, టైటిల్ పేజీ మీద చివర ఉంటుంది. మాలతీ చందూర్ పేరు కూడా చందూర్‌తో ముగుస్తుంది. కామా లేకపోతే ఏది ఇంటిపేరో యంత్రానికీ తెలియదు, కొత్తగా వచ్చే స్టాఫ్‌కూ తెలియదు. పైగా తెలుగు పేరులో కామా తీసేస్తే మామూలు పేరే మిగులుతుంది, పాఠకుడికి ఇబ్బందేమీ లేదు. కాబట్టి "కొడవటిగంటి, కుటుంబరావు", "శంకరమంచి, సత్యం". అచ్చులో ఉన్న వరుస 400లో.

తర్వాత, పేరులో ఏ మాటతో మొదలుపెట్టాలి? రంగనాథన్ తన కేటలాగు సూత్రాల్లో రికాల్ వాల్యూ అనే సూత్రం ఒకటి పెట్టారు. చదివేవాళ్లకు ఏ మాట ముందు గుర్తొస్తుందో దానికి పెద్దపీట వెయ్యమంటారు. ఆయన తమిళుడు, మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేశారు. మన పేర్లు పడమటి నియమాల్లో ఇమడవని దగ్గరుండి చూసినవారు. ఆ సూత్రం మాకు చాలా చోట్ల దారి చూపింది. శ్రీశ్రీని "శ్రీరంగం" కింద వెతికేవాళ్లు ఎవరూ ఉండరు. చలాన్ని "గుడిపాటి" అని ఎవరూ అడగరు. ఆరుద్ర, బుచ్చిబాబు కూడా అంతే. పాత కార్డులు అసలు పేరు కిందికి పంపేవి. మేం దాన్ని తిప్పేశాం. కలం పేరు 100లో, అసలు పేరు 400లో. మాస్టారు మొదట ఒప్పుకోలేదు, వాళ్ల కాలంలో నియమం అది కాదు కాబట్టి. "పాఠకుడి టైం ఆదా చెయ్యాలన్నది కూడా రంగనాథన్ గారి మాటే కదండీ" అంటే నవ్వి సరేనన్నారు.

రాచకొండ విశ్వనాథశాస్త్రి దగ్గర మాత్రం చర్చ సాగింది. జనం రావిశాస్త్రి అంటారు, పుస్తకాల మీద రెండూ ఉంటాయి. మా అలమారాల్లో ఉన్న ప్రతులు తీసి చూసి, ఎక్కువ టైటిల్ పేజీల మీద ఉన్న పూర్తి పేరునే ఉంచాం. కుటుంబరావుకూ అంతే, "కొ.కు." 400లోకి వెళ్లింది. చివరికి ఏ రూపం 100లోకి వెళ్లిందన్నది నాకు అంత పట్టింపు కాదు. ఏదో ఒకటి ఖాయం చేసి, మిగతా రూపాల్లో ఒక్కదాన్ని కూడా పారెయ్యకుండా అన్నిటినుంచీ అక్కడికి దారి వెయ్యడమే ఈ పని. ఏజెన్సీ చేసినదాంట్లో నాకు కోపం తెప్పించింది కూడా తప్పు రూపం ఎంచుకోవడం కాదు, మిగతావాటిని చెరిపెయ్యడం.

జూలై, నాలుగో వారం

జంటలతో వారం గడిచింది.

తిరుపతి వేంకట కవులు అంటే దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి. జంటగా రాసినవి ఉన్నాయి, వేంకటశాస్త్రి ఒంటరిగా రాసినవీ ఉన్నాయి. మూడు రికార్డులు చేశాం. జంట పేరుకు ఒకటి, ఇద్దరికీ చెరొకటి. జంట రికార్డు నుంచి ఇద్దరికీ, ఇద్దరి నుంచి జంటకూ 500 ఫీల్డుల్లో లింకులు పెట్టి, 663లో ఈ పేరు వెనక ఎవరున్నారో ఒక వాక్యం రాశాం. జంటగా రాసిన పుస్తకం జంట పేరు కిందే ఉంటుంది. ఒకరి కోసం వెతికినవాళ్లకు రెండోవైపు కూడా చూడమని కనిపిస్తుంది.

బీనాదేవి కూడా ఇలాంటిదే, కానీ పాఠకుల్లో చాలామందికి తెలియదు. అది ఒక స్త్రీ పేరు అనుకుంటారు. భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతులు కలిసి పెట్టుకున్న పేరు అది. పాత కార్డు మీద నరసింగరావు పేరు ఒక్కటే రాసి ఉంది. త్రిపురసుందరమ్మ పేరు లేదు. ఇద్దరికీ రికార్డులు చేశాం. ఈ పనిలో నాకు బాగా తృప్తినిచ్చిన దిద్దుబాటు ఇది. కేటలాగులో పేరు లేకపోతే ఆ మనిషి రాసినట్టే లెక్కలోకి రాదు.

ఆడవాళ్ల పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. రంగనాయకమ్మ మొదటి పుస్తకాల మీద ముప్పాళ్ళ రంగనాయకమ్మ అని ఉండేది. తర్వాత ఇంటిపేరు వదిలేసి ఒక్క రంగనాయకమ్మగానే రాశారు. మా డేటాలో "ముప్పాళ్ళ" కింద కొన్ని, "ఎం. రంగనాయకమ్మ" కింద ఒకటి, మామూలుగా కొన్ని ఉన్నాయి. "రంగనాయకమ్మ" అని ఖాయం చేశాం. రచయిత తన పేరును ఎలా రాసుకోవాలనుకున్నారో అదే మాకు నియమం. పోపూరి లలితకుమారి కలం పేరు ఓల్గా. అచ్చులో ఓల్గా, వోల్గా రెండూ కనిపిస్తాయి. ఓల్గా ఉంచి, వోల్గానూ అసలు పేరునూ 400లో పెట్టాం.

ఆగస్టు

పాత కవుల వంతు. ఇక్కడ ఇంటిపేరుతో మొదలుపెట్టకూడదు. బమ్మెర పోతనను అందరూ పోతన అనే అంటారు. ఆయనకు దొరికిన రూపాలు పోతన, పోతన్న, పోతరాజు, పోతనామాత్యుడు, బమ్మెర పోతన, బమ్మెర పోతరాజు. ఎఱ్ఱనకు ఎర్రన, ఎఱ్ఱాప్రగడ, ఎర్రాప్రెగడ, శంభుదాసుడు, ప్రబంధ పరమేశ్వరుడు. నన్నయ, నన్నయ్య, నన్నయభట్టు. తిక్కన, తిక్కన సోమయాజి. శ్రీనాథుడు కొన్ని రికార్డుల్లో ప్రత్యయం లేకుండా "శ్రీనాథ" అని ఉన్నారు. వీళ్లను పేరుతోనే మొదలుపెట్టి, ఇంటిపేరుతో ఉన్న రూపాలన్నీ 400లో ఇచ్చాం. ఎఱ్ఱనను బండిరతోనే ఉంచాలని మాస్టారు పట్టుపట్టారు. ఉంచాం. మామూలు ర తో కొట్టినా ఆయనే వస్తారు కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

మహాభారతం పుస్తకాలకు శీర్షికల గొడవ కూడా ఉంది. కవిత్రయ భారతం, ఆంధ్ర మహాభారతం, శ్రీమదాంధ్ర మహాభారతము, పర్వాలు విడివిడిగా. ఒక ఏకరూప శీర్షిక పెట్టి అన్నిటినీ దానికి కట్టాలి. అది పెద్ద పని, ఇప్పుడు ముట్టుకోలేదు.

ఒకే పేరుతో ఇద్దరున్న చోట్ల సంవత్సరాలే ఆధారం. "వేటూరి" అని మాత్రమే ఉన్న రికార్డులు విప్పితే కొన్ని వేటూరి ప్రభాకరశాస్త్రివి (1888–1950), కొన్ని వేటూరి సుందరరామమూర్తివి (1936–2010). ఒకరు తాళపత్రాలు పరిష్కరించిన పండితులు, ఇంకొకరు సినిమా పాటల కవి. "దాశరథి" కింద అన్నదమ్ములిద్దరూ కలిసిపోయారు. కృష్ణమాచార్య (1925–1987) కవి, రంగాచార్య (1928–2015) నవలాకారులు. విడగొట్టి ఇద్దరికీ జనన మరణ సంవత్సరాలు తగిలించాం. కవి గారిని జనం ఒట్టి దాశరథి అనే అంటారు, కాబట్టి అది ఆయన 400లో ఉంది. తమ్ముడి రికార్డులో ఈయన వేరు అని చెప్పే నోటు పెట్టాం, మున్ముందు ఎవరైనా కలిపెయ్యకుండా.

గుర్రం జాషువా పేరు చివర దీర్ఘం ఉన్నవీ, లేనివీ ఉన్నాయి, అది తేలిక. ముస్లిం రచయితల పేర్లకు మాత్రం నియమం విడిగా రాసుకోవాల్సి వచ్చింది. మహమ్మద్, మొహమ్మద్, మహ్మద్, ముహమ్మద్, ఎండీ. షేక్, షేఖ్, ఎస్.కె. ఏజెన్సీ వాళ్లు ఒక్కోచోట ఒక్కోటి చేశారు. షేక్, సయ్యద్ లాంటివి మన దగ్గర ఇంటిపేరు ఉండే చోట కూర్చుంటాయి గానీ, వాటి కింద వందమందిని పోగేస్తే మళ్లీ రావుల కథే అవుతుంది. అందుకని కవి ఇస్మాయిల్ లాంటివారిని జనం పిలిచే పేరుతోనే మొదలుపెట్టి, పూర్తి రూపాలు 400లో పెట్టాం. రచయిత స్వయంగా పుస్తకం మీద మహమ్మద్‌తో కలిపి రాసుకుంటే అలాగే ఉంచాం.

సెప్టెంబరు, మొదటి సగం

కోహాలో కలిపే పని. ఒకే మనిషికి ఉన్న రెండు అథారిటీ రికార్డులను ఎంచుకుని మెర్జ్ నొక్కితే, ఏది ఉంచాలో అడిగి, రెండోదానికి కట్టి ఉన్న పుస్తకాలన్నిటినీ మొదటిదానికి మారుస్తుంది. పుస్తకం రికార్డులో ఆ ముడి 9 అనే సబ్‌ఫీల్డులో అథారిటీ నంబరుగా ఉంటుంది. ముడి అసలే లేని పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటి కోసం సర్వర్‌లో లింకులు వేసే స్క్రిప్టు నడిపాం. ముందు టెస్ట్ మోడ్‌లో నడిపి, ఏమేం మారుస్తుందో జాబితా తీసి చదివాకే అసలు మార్పు చేశాం. మెర్జ్ చేసేటప్పుడు రెండోదాంట్లోని 400లకు మనమే టిక్ పెట్టి ఎంచుకోవాలి. తొందరలో అది మర్చిపోతే ఇన్ని నెలల కూడబెట్టు పోతుంది కాబట్టి, ఇద్దరం కూర్చుని, ఒకరు చదువుతుంటే ఒకరు నొక్కుతున్నాం.

అంతా అయ్యాక కూడా "గుడిపాటి వెంకటచలం" అని కొడితే చలం పుస్తకాలు రాలేదు. కాసేపు టెన్షన్ పడ్డాం. 400లో ఉన్న రూపాలు పుస్తకాల వెతుకులాటలోకి రావాలంటే కోహాలో ఒక సెట్టింగు విడిగా ఆన్ చెయ్యాలి. దాని పేరు ఇన్‌క్లూడ్ సీ ఫ్రమ్ ఇన్ సెర్చెస్. ఆన్ చేశాక ఇండెక్స్ మొత్తం మళ్లీ కట్టాలి. పనిలో పనిగా కోహా వెతకడానికి వాడే జీబ్రా ఇండెక్స్‌ను ఐసీయూ అనే యూనికోడ్ పద్ధతికి మార్చాం, తెలుగు లిపిని అది సరిగ్గా విడదీస్తుంది. రాత్రి ఇండెక్సింగ్ పెట్టి, పొద్దున్నే వచ్చి కొట్టి చూశాం. గుడిపాటి అని కొట్టినా, వెంకటచలం అని కొట్టినా చలం పుస్తకాలన్నీ వచ్చాయి. కౌంటర్లో అమ్మాయి వరసగా ఆరుద్ర, సదాశివ శంకరశాస్త్రి, కొ.కు., వోల్గా, పోతరాజు అన్నీ కొట్టి చూసింది. అన్నీ వస్తున్నాయి.

సెప్టెంబరు, రెండో సగం

పాఠకుల్లో సగం మంది ఫోనులో ఇంగ్లిషు అక్షరాలతో వెతుకుతారు. కాబట్టి ఇంగ్లిషు రూపాలు కూడా 400లో కావాలి. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ వాడే రోమన్ లిపి పద్ధతిలో చ అంటే ఒట్టి సి, ఛ అంటేనే సి తర్వాత హెచ్. ఆ లెక్కన చలం పేరులో హెచ్ ఉండదు. ఆ పద్ధతి పండితులకు బాగుంటుంది, ప్రపంచ కేటలాగులతో కలపడానికి కావాలి కూడా. కానీ మా కుర్రాళ్లెవరూ అలా టైపు చెయ్యరు. అందుకే రెండూ పెట్టాం, కాంగ్రెస్ లైబ్రరీ రూపం ఒకటి, జనం రాసేవి రెండు మూడు. శాస్త్రి ఒక్కదానికే వై తో, ఐ తో, మధ్యలో హెచ్‌తో, హెచ్ లేకుండా నాలుగు రకాలు. రెడ్డి, చౌదరి, లక్ష్మి కూడా అంతే.

వీలున్న ప్రతి రికార్డులో 024 ఫీల్డులో వయాఫ్ నంబరు, వికీడేటా నంబరు వేస్తున్నాం. వయాఫ్ దేశదేశాల జాతీయ గ్రంథాలయాల అథారిటీ రికార్డులను ఒక చోట కలుపుతుంది. అయితే అక్కడ కలిసిందల్లా సరైనదని తీసుకోకూడదు. యంత్రం కట్టిన గుంపుల్లో మన పేర్లు వేరే మనిషితో కలిసిపోవడానికి ఎప్పుడూ అవకాశం ఉంటుంది. పుట్టిన సంవత్సరం, కనీసం ఒక పుస్తకం పేరు సరిపోతేనే నంబరు వేస్తున్నాం. లేకపోతే ఖాళీగా వదిలేస్తున్నాం.

అక్టోబరు

మనుషుల పేర్లు చాలావరకు అయ్యాయి. ఇప్పుడు ఊళ్లు, ప్రభుత్వాలు.

ప్రచురణ స్థలం విషయంలో గొడవ లేదు. పుస్తకం మీద బెజవాడ అని ఉంటే బెజవాడే, మద్రాసు అని ఉంటే మద్రాసే, దాన్ని ముట్టుకోకూడదు. విషయ శీర్షికకు, అంటే పుస్తకం దేని గురించో చెప్పే పేరుకు, మాత్రం ఒకే రూపం ఉండాలి. విజయవాడ చరిత్ర కోసం వెతికేవారికి బెజవాడ మీద రాసినవన్నీ రావాలి. రాజమండ్రి 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయింది, ఆ రెండూ, రాజమహేంద్రి కూడా ఒక రికార్డులోకి వచ్చాయి. ఓరుగల్లు, వరంగల్ కూడా అంతే.

ప్రభుత్వ నివేదికలు అలా కలపకూడదు. అక్కడ పేరు మారడం అంటే సంస్థే మారడం. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు చివరి దాకా కర్నూలు రాజధానిగా ఉన్నది ఆంధ్ర రాష్ట్రం. అటువైపు హైదరాబాదు రాష్ట్రం. 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2 నుంచి తెలంగాణ వేరు. మా డేటాలో అన్ని నివేదికలూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కింద ఉన్నాయి, 1954లో అచ్చయినవి కూడా. ప్రతి నివేదికనూ అది వెలువడిన నాటి ప్రభుత్వం పేరు కిందికి మార్చి, ముందటి పేరు, తర్వాతి పేరు అని వాటి మధ్య లింకులు పెడుతున్నాం.

జిల్లాల దగ్గర ఆగాం. మా దగ్గర గుంటూరు జిల్లా మీద పాత పుస్తకాలు చాలా ఉన్నాయి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందువైతే వాటిలో ఒంగోలు ప్రాంతం కూడా ఉంటుంది. 2022 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు పల్నాడు, బాపట్ల విడిపోయాయి. పల్నాటి గురించి చదవాలని వచ్చినవారికి పాత గుంటూరు జిల్లా పుస్తకం కూడా కనపడాలి, అదే సమయంలో 1960ల నాటి పుస్తకానికి ఇవాళ్టి జిల్లా పేరు తగిలించడం అబద్ధం అవుతుంది. ప్రస్తుతానికి మా నిర్ణయం ఇది. పుస్తకం ఏ జిల్లా అని చెబితే ఆ శీర్షికే ఉంచాలి. గుంటూరు జిల్లా రికార్డులో ప్రకాశం, పల్నాడు, బాపట్ల జిల్లాలకు 551 ఫీల్డుల్లో లింకులు పెట్టి, ఏ సంవత్సరంలో ఏ ప్రాంతం విడిపోయిందో నోటు రాయాలి. పల్నాడుకు జిల్లా కాక, ప్రాంతంగా ఒక రికార్డు విడిగా ఉండాలి. పల్నాడు అనే ప్రాంతం జిల్లా కంటే ఎన్నో శతాబ్దాలు పాతది.

ఈ నియమాలు, పేర్ల ఫైలు రెండూ పక్క ఊరి గ్రంథాలయానికి పంపాం. వాళ్లూ కోహానే వాడుతున్నారు, నేరుగా ఎక్కించుకోవచ్చు. వాళ్ల దగ్గర చూడు కార్డుల సొరుగులు ఇంకా హాల్లోనే ఉన్నాయట. మా ఫైల్లో లేని రూపాలు వాటిలో ఏమున్నాయో ఫొటోలు తీసి పంపుతామన్నారు. వచ్చే నెల ఆ రూపాలు చేర్చడం, ఆ తర్వాత మహాభారతం శీర్షికలు.